అరీనానా, బయటి బాటనా? హనుమకొండ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. హనుమకొండ దగ్గర ఒక రైడింగ్ స్కూల్లో కొన్ని నెలలుగా నేర్చుకుంటున్నావు. ట్రాట్, అంటే నడక కంటే కాస్త వేగమైన పోక, కుదిరింది. దానికంటే వేగమైన దౌడు, క్యాంటర్, ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది. నీతో చేరినవాళ్ళు కొందరు ఆదివారం పూట ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కట్ట మీద గుర్రాలు తిప్పుకొస్తున్నారు. మీ ట్రైనర్ మాత్రం నిన్ను ఇంకా అరీనా, అంటే ఇసుక పరిచి చుట్టూ కంచె కట్టిన సాధన మైదానం, దాటొద్దంటున్నారు. "అన్నా, ఎప్పటికీ ఈ ఇసుకలో గుండ్రంగా తిరగడమేనా? మీకైతే ఏది ఇష్టం, అరీనానా, బయటి రైడా?" అని అడిగావు.

నాకు బయటి బాటే ఇష్టం. చాలా ఏళ్ళుగా వరంగల్ చుట్టుపక్కల గుర్రాలతోనే బతుకుతున్నాను, కొత్తవాళ్ళకు నేర్పుతున్నాను. వయసు పెరిగేకొద్దీ ఈ ఇష్టం పెరిగిందే తప్ప తగ్గలేదు. అయితే మీ ట్రైనర్ చెప్పేది కూడా వినాల్సిన మాటే. ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు గుర్రం వైపు నుంచి ఒక లెక్క చూద్దాం. డ్రెస్సాజ్ అంటే గుర్రాన్ని చిన్న సైగలతో లయగా నడిపించే విద్య. దానికి వాడే చిన్న అరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు ఉంటుంది. అంచు వెంబడి ఒక చుట్టు తిరిగితే 120 మీటర్లు. అంటే కిలోమీటరు పూర్తి కావాలంటే గుర్రం ఎనిమిది చుట్లకు పైగా తిరగాలి, ముప్పైకి పైగా మూలలు మలగాలి. మలిగిన ప్రతిసారీ లోపలి వైపు కాళ్ళ కీళ్ళ మీద బరువు వంకరగా పడుతుంది. రోజూ గంటసేపు, వారంలో ఆరు రోజులు అదే పని చేయిస్తే ఏడాది తిరిగేసరికి గుర్రం ఎలా ఉంటుందో ఊహించుకో. అదే కిలోమీటరు కాలువ కట్ట మీద నడిస్తే ఒక్క మూల కూడా తగలదు. వెన్ను తిన్నగా సాగుతుంది, మెడ కిందికి దించుకుని దాని నడక అది నడుస్తుంది. గుర్రం అసలు రోజులో పదహారు గంటల దాకా మేస్తూ, మెల్లగా నడుస్తూ గడిపే జంతువు. దానికి దూరం కావాలి.

నేల సంగతి కూడా ఉంది. అరీనా ఇసుక అంతా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి గుర్రం కాళ్ళ వైపు చూసుకోవాల్సిన పని పడదు. బయట రాయి వస్తుంది, ఎడ్ల బండి గాడి వస్తుంది, ఎత్తు వస్తుంది, ఒర్రె వస్తుంది. ప్రతి అడుగుకూ అది ఆలోచిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక కాళ్ళు, పిరుదులు బలపడతాయి. దిగేటప్పుడు బరువును వెనక్కి తీసుకోవడం నేర్చుకుంటుంది. డ్రెస్సాజ్ నేర్పేవాళ్ళు అరీనాలో నెలల తరబడి కష్టపడి తెప్పించే పని ఇది. చెరువు కట్ట ఎక్కి దిగితే సగం దానంతటదే వస్తుంది.

అరీనాలో విసిగిపోయిన గుర్రాన్ని చెవులు చూసి గుర్తుపట్టవచ్చు. రెండు చెవులూ పక్కలకు వాలిపోయి, కళ్ళు సగం మూసుకుని, ఎంత కాలు నొక్కినా అడుగు కదలదు. కొత్తవాళ్ళు దాన్ని మొండిదంటారు, కొరడా అడుగుతారు. అదే గుర్రాన్ని గేటు దాటించి చూడు. పది నిమిషాల్లో చెవులు ముందుకు తిరుగుతాయి, అడుగు పొడుగవుతుంది. దానికి కావలసింది కొరడా కాదని అప్పుడు తెలుస్తుంది. నా దగ్గర ఏ గుర్రమైనా వారంలో సగం రోజులకు తగ్గకుండా బయట తిరగాలన్నది నేను పెట్టుకున్న నియమం.

ఇంత చెప్పి మళ్ళీ మీ ట్రైనర్ మాట వినమంటున్నానేమిటని అనుకోకు. ఆయన చూస్తున్నది బహుశా నీ చేతులను. ట్రాట్‌లో లేచి కూర్చునేటప్పుడు చాలామంది కొత్తవాళ్ళు తెలియకుండానే పగ్గాలు పట్టుకుని వేలాడతారు. నోట్లో ఇనుప కళ్ళెం ఉంది, దాని కింద నాలుక ఉంది, పళ్ళు లేని మెత్తటి చిగురు ఉంది. అరీనాలో గుర్రం ఆ నొప్పిని భరిస్తుంది, ఎందుకంటే పారిపోవడానికి చోటు లేదు, భయపెట్టేది కూడా ఏదీ లేదు. బయట పొదలోంచి నెమలి ఒక్కసారిగా లేస్తుంది. గుర్రం అదురుతుంది. నువ్వు బ్యాలెన్స్ కోసం పగ్గాలు లాగుతావు. నోరు నొప్పి పెట్టగానే అది ఆ నొప్పి నుంచి కూడా పారిపోవాలని చూస్తుంది. గుర్రం అదుపు తప్పి పరుగెత్తింది అని మనం వినే కథల్లో చాలావాటికి మొదలు ఇదే.

కాబట్టి అరీనాకు ఒక పని ఉంది. అక్కడ ఒకే తప్పును అదే చోట పది సార్లు చేసి, పదకొండోసారి సరిదిద్దుకోవచ్చు. బయట ఆ అవకాశం దొరకదు. మూపు మీదున్న జూలు పట్టుకోకుండా, పగ్గాల మీద బరువు వేయకుండా నడుము మీద కూర్చోవడం అక్కడే వస్తుంది. ట్రాట్‌లో గిట్టలు రెండు దెబ్బలుగా నేలను తాకుతాయి, క్యాంటర్‌లో మూడు దెబ్బలుగా. ఆ తేడా చెవితో కాకుండా తొడలతో తెలియాలి. క్యాంటర్‌లో ఎడమ వైపు మలిగేటప్పుడు ఎడమ ముందుకాలు ముందుండాలి, తప్పు కాలు పడితే నీకు ఒంట్లో తేడా తెలియాలి. ఇవన్నీ ఇసుకలో నేర్చుకో.

ఎప్పుడు బయటకు పోవచ్చు అంటే నెలల లెక్క చెప్పను. జీనుకు వేలాడే, కాళ్ళు పెట్టుకునే రికాబులు వదిలేసి అయిదు నిమిషాలు ట్రాట్ చేస్తే చేతులు కదలకుండా ఉన్నాయా? ట్రాట్ నుంచి నడకకు పగ్గాలు లాగకుండా, ఊపిరి వదిలి నడుము బిగించి తేగలుగుతున్నావా? క్యాంటర్‌లో పోతూ "ఆ స్తంభం దగ్గర ఆపుతాను" అనుకుంటే అక్కడే ఆపగలుగుతున్నావా? నడకలో, తర్వాత నెమ్మది ట్రాట్‌లో, రెండు కాళ్ళూ రికాబుల్లోంచి తీసి ఒక్కసారిగా దూకి దిగడం వచ్చా? స్టూలు లేకుండా నేల మీంచి ఎక్కగలవా? ఒక పగ్గం మెల్లగా పక్కకు తీసి గుర్రాన్ని చిన్న గుండ్రంలోకి తెచ్చి ఆపడం సాధన చేశావా? ఈ చివరిది నడకలో, ట్రాట్‌లో వందసార్లు చేసి ఉంచుకోవాల్సిన పని. పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఉన్నట్టుండి ఒక పగ్గం గుంజితే గుర్రం నీతో పాటు పడిపోతుంది. అలవాటు చేసిన గుర్రమైతే వేగం అందుకోకముందే ఆగుతుంది. వీటన్నిటికీ అవునని చెప్పగలిగితే మీ ట్రైనర్ కూడా కాదనరు.

అరీనా రైడింగే శాస్త్రమనీ, బయట తిరగడం సరదా అనీ అనేవాళ్ళు కూడా తగులుతారు. వాళ్ళ మాట పట్టించుకోకు. ఈ రోజు ప్రపంచమంతా గుర్రం దూకేటప్పుడు రైడర్ ముందుకు వంగుతున్నాడంటే దానికి కారణం ఫెదెరికో కాప్రిల్లి అనే ఇటలీ అశ్వికదళ అధికారి. ఆయన కాలం 1868 నుంచి 1907. అంతకుముందు దూకేటప్పుడు వెనక్కి వాలేవాళ్ళు, దాంతో వీపు మీద, నోటి మీద దెబ్బ పడేది. గుర్రాన్ని ఆరుబయలు నేల మీద దాని సహజమైన తీరులో కదలనిస్తే రైడర్ ఎక్కడ ఉండాలో ఆయన గమనించి, కొత్త కూర్చునే పద్ధతి తెచ్చాడు. మన దేశం సంగతే చూడు. ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచింది ఈవెంటింగ్‌లో. అందులో ఒకే గుర్రం, ఒకే రైడర్ డ్రెస్సాజ్ చేయాలి, గుట్టలూ నీళ్ళూ దాటే క్రాస్ కంట్రీ చేయాలి, అరీనాలో అడ్డాలు దూకే షో జంపింగ్ చేయాలి. టోక్యో ఒలింపిక్స్‌లో కూడా ఆయన ఫైనల్ దాకా వెళ్ళింది ఇందులోనే. అరీనా, ఆరుబయలు రెండూ కలిస్తేనే ఆ ఆట.

ఇప్పుడు మన నేల గురించి. బయటి రైడింగ్ గురించి ఇంటర్నెట్‌లో నువ్వు చదివేదంతా చల్లటి దేశాలది, మన పొలాలకు సరిపోదు.

మన చెలక నేల గుర్రానికి బంగారం. తొలకరి పడి రెండు రోజులు ఆరాక ఎర్ర నేల మీద గిట్ట సరిగ్గా పట్టినంత దిగుతుంది, తిరిగి లేస్తుంది. క్యాంటర్‌కు అంతకంటే మంచి నేల నేను చూడలేదు. రేగడి నేల దీనికి పూర్తి భిన్నం. తడిస్తే గిట్ట కింద ముద్దలు కడుతుంది, జారుతుంది, బురదలో కాలు పీకేటప్పుడు లాడం ఊడి వస్తుంది. ఎండితే పగుళ్ళు తేలుతాయి, అందులో కాలు ఇరుక్కుంటే విరుగుతుంది. అందుకే వానాకాలంలో నల్ల నేల బాటల్లోకి దిగకు. పరుపు బండ మరో ప్రమాదం. మన గుట్టల చుట్టూ నేలకు సమంగా పరుచుకున్న ఆ రాయి మీద లాడాలు కొట్టిన గుర్రం గాజు మీద నడిచినట్టు జారుతుంది. అక్కడ దిగి నడిపించుకుపో. ఇందులో నామోషీ ఏమీ లేదు.

కాలువ కట్ట మంచిదే కానీ ఒక్క విషయం గుర్తుంచుకో. సిమెంటు లైనింగ్ ఉన్న కాలువలో గుర్రం పడితే ఆ వాలు ఎక్కి బయటికి రాలేదు. అందుకే కట్ట మీద ఎప్పుడూ పొలాల వైపు అంచున నడువు, కాలువ వైపు వద్దు. అక్కడ ట్రాట్ దాటొద్దు. బైకులు వెనక నుంచి వస్తాయి. గుర్రానికి రెండు కళ్ళూ కలిపి దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది, కానీ సరిగ్గా తోక వెనకా, నుదుటికి ఎదురుగా మరీ దగ్గరా కనపడదు. బైకు శబ్దం వినపడగానే గుర్రాన్ని కొంచెం పక్కకు తిప్పి, వచ్చేదాన్ని ఒక కంటితో చూడనివ్వు. చూసినదానికి అది అంతగా భయపడదు.

మామూలు భయాల కంటే నేను ఎక్కువ జాగ్రత్తపడేది కరెంటు తీగలకు. అడవి పందులు రాకుండా కొందరు మొక్కజొన్న, వేరుశెనగ చేల చుట్టూ రాత్రిపూట దొంగచాటుగా కరెంటు పెడతారు. పొద్దున తీయడం మర్చిపోతే మనిషీ పోతాడు, గుర్రమూ పోతుంది. తెలియని చేల గట్ల మీదికి చీకట్లో పోకు. ముందు రోజు వెళ్ళి ఆ ఊరి రైతులతో మాట్లాడు. "అన్నా, పొద్దున గుర్రం తీసుకొస్తా, ఈ బాటన పోవచ్చా?" అని అడిగితే కాదనేవాళ్ళు అరుదు. పైగా తీగ ఎక్కడుందో, మందు కొట్టిన చేను ఏదో వాళ్ళే చెబుతారు. మందు కొట్టిన గట్టు గడ్డి గుర్రం నోటికి అందనివ్వకు. గన్నేరు చెట్టు దగ్గర అసలు ఆపకు, రోడ్ల వెంట అందం కోసం పెంచే ఆ ఆకులు కొన్ని తిన్నా గుర్రం ప్రాణానికి ముప్పు. లేత జొన్న పిలకలు పశువులకు విషమని మన రైతులకు తెలుసు, గుర్రానికీ మంచివి కావు.

పాకాల, ఏటూరునాగారం వైపు అడవి చూస్తే మనసు లాగుతుంది, నాకు తెలుసు. అవి అభయారణ్యాలు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి గుర్రాన్ని తీసుకుపోకూడదు. వరంగల్ కోటలో కూడా పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల మీదికి, తోరణాల దగ్గరికి గుర్రంతో పోవద్దు. మనకు చెరువు కట్టలు, ఎడ్ల బండి బాటలు చాలినన్ని ఉన్నాయి.

నువ్వు ఎక్కే గుర్రం ఏదన్నది కూడా చూసుకో. హైదరాబాద్ మలక్‌పేట రేసుల నుంచి రిటైరై వచ్చిన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) అయితే అరీనాలో ఎంత సాధువైనా సరే, బయట పక్క గుర్రం దాటిపోతే దాని రక్తం ఉడుకుతుంది. దాని చిన్నప్పటి నుంచి నేర్పింది అదే కదా. అలాంటి గుర్రం మీద మొదటిసారి గుంపులో పోకు. కాఠియావాడి, మార్వాడి గుర్రాలకు మన ఎండ, మన నేల బాగా ఒప్పుతాయి, గిట్టలు గట్టివి. పెళ్ళి బరాత్‌లలో తిరిగిన గుర్రాలను చాలామంది చులకనగా చూస్తారు కానీ డీజే మోగినా, పటాకులు పేలినా అవి కదలవు. గణేశ్ నిమజ్జనం రోజుల్లో ఊరు దాటాలంటే నేను వాటినే నమ్ముతాను. అయితే వాటికి నీళ్ళూ, ఏటవాలూ కొత్త. వాగు దగ్గర ఓపిక పట్టాలి.

భయాన్ని ఎలా దాటించాలో ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. నర్సంపేట వైపు ఒక మిర్చి తోట పక్కన కొత్త ఆడ గుర్రంతో పోతున్నాను. తోటలో పరిచిన మల్చింగ్ షీటు అంచు ఒకటి ఊడి, గాలికి లేస్తూ పడుతోంది. వెండి రంగు మెరుపు, పటపట శబ్దం. ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోయింది. మెడ కర్రలా బిగుసుకుంది, చెవులు రెండూ ఆ షీటు మీదికే, ముక్కుతో బుస్సుమని ఊదింది. నా పిక్కల కింద దాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. అక్కడ కాళ్ళతో తన్నితే వెనక్కి తిరిగి పారిపోతుంది. దిగితే దిగవచ్చు, కానీ అది ఇంకా నా మాట వింటోంది, కాబట్టి దిగలేదు. పగ్గాలు రెండు వేళ్ళంత వదిలాను, ముందుకు పొమ్మనలేదు, వెనక్కి తిరగనివ్వలేదు. నేను షీటు వైపు చూడటం మానేసి దాన్ని దాటి ఉన్న వేపచెట్టును చూశాను, ఎందుకంటే మనం ఎటు చూస్తే మన బరువు అటే పోతుంది, గుర్రానికి అది తెలుస్తుంది. కాసేపటికి మెడ కొంచెం దిగింది, నోరు నమిలింది. అప్పుడు పిక్కతో చిన్న సైగ. ఒక అడుగు. వెంటనే సైగ ఆపి మెడ నిమిరాను. మళ్ళీ ఒక అడుగు. దాటాక అదే చోటికి రెండుసార్లు తిప్పి తెచ్చాను. మూడోసారి చెవి ఒక్కటే అటు తిప్పి నడిచిపోయింది. అరీనాలో నాలుగు స్తంభాల మధ్య ఏ పాఠం చెప్పినా మనిషికీ గుర్రానికీ మధ్య ఈ నమ్మకం పుట్టదు. నేను బయటి బాట పక్షం ఎందుకో అడిగితే నా మొదటి కారణం ఇదే.

వాగు దాటేటప్పుడు ఒక సైగ తెలుసుకో. నీళ్ళలో నిలబడి ముందుకాలితో టపటపా తన్నుతోందంటే ఆడుకుంటోందని మురిసిపోకు. పడుకుని పొర్లబోతోంది. వెంటనే తల పైకెత్తించి ముందుకు నడిపించు. ఎత్తు ఎక్కేటప్పుడు నడుము ముందుకు వంచి జూలు పట్టుకో. దిగేటప్పుడు బాగా వెనక్కి వాలిపోకుండా నిటారుగా ఉండు, మెడ చాపుకునేందుకు పగ్గం ఇవ్వు. గుంపులో ముందు గుర్రానికీ నీకూ ఒక గుర్రమంత ఖాళీ వదులు. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే గుర్రమని అర్థం, ఇంకా దూరం ఉండు.

మన ఎండ గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ నెలల్లో తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగి రావాలి. ఊరికే ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ కింది అంచున వేళ్ళు పెడితే నాడి దొరుకుతుంది, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. చాలా దూరం సాగే ఎండ్యూరెన్స్ పోటీల్లో ఆగాక కొద్ది నిమిషాల్లో అది 64కు దిగకపోతే ఆ గుర్రాన్ని పోనివ్వరు. నువ్వూ అదే లెక్క పాటించు. దిగకపోతే జీను విప్పి, నీడకు తెచ్చి, ఒళ్ళంతా ఆపకుండా చల్లటి నీళ్ళు పోస్తూ ఉండు. వేడిగా ఉన్న గుర్రానికి నీళ్ళు తాగించకూడదని పాతవాళ్ళు అంటారు. తాగనివ్వు, దానికి అప్పుడే కావాలి. గుర్రం చెమటలో ఉప్పు చాలా పోతుంది కాబట్టి దాణాలో ఉప్పు మరవకు.

సామాను విషయం తొందరగా చెబుతాను. రైడింగ్ హెల్మెటే పెట్టుకో, బైకు హెల్మెట్ వద్దు. అది బరువు, చెవులు మూస్తుంది. ఒక్కసారి గట్టిగా కింద పడితే హెల్మెట్ మార్చు. అంగుళం మడమ ఉన్న బూటు లేకుండా రికాబులో కాలు పెట్టకు, ఎందుకంటే కాలు లోపలికి దూరి ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. ఫోను నీ ఒంటి మీద ఉండాలి, జీను సంచిలో పెడితే నువ్వు పడ్డప్పుడు గుర్రంతో పాటు ఇంటికి పోతుంది. ధనుర్వాతం టీకా నీకూ ఉండాలి, గుర్రానికీ ఉండాలి. గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది. లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మార్చాలి. బయటకు పోయే ముందు నాలుగు గిట్టలూ ఎత్తి చూడు, తిరిగొచ్చాక మళ్ళీ చూడు. సర్కారు తుమ్మ ముల్లు గిట్ట కింది మెత్తటి చోట దిగితే పైకి ఏమీ కనిపించదు, మర్నాడు కుంటుతుంది.

తిరుగు ప్రయాణంలో చివరి కిలోమీటరు ఎప్పుడూ నడకే. ఇంటి దారి పట్టిన గుర్రాన్ని ఒక్కసారి పరుగెత్తనిస్తే ఇక ప్రతిసారీ అక్కడ నుంచి లాక్కుపోతుంది. గుర్తుపెట్టుకోవడంలో దానికి సాటి లేదు.

నీ మట్టుకు నేను చెప్పేది ఇది. ఈ వానలు వెళ్ళేదాకా అరీనాలోనే ఉండు, పైన రాసిన పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా మీ ట్రైనర్ ముందు చేసి చూపించు. వరి కోతలయ్యాక, నవంబరు చివర్లో బాటలు ఆరి, పొద్దు చల్లబడుతుంది, మన ప్రాంతంలో మొదటిసారి బయటికి పోవడానికి అంతకంటే మంచి కాలం లేదు. ఆ రోజు స్నేహితుల గుంపుతో పోకు. మీ ట్రైనర్‌నే నెమ్మదైన గుర్రం మీద ముందు నడవమను, నువ్వు వెనక నడువు. అరగంట, అంతా నడకే. ట్రాట్ రెండో వారం చూద్దువు గానీ. ఈలోగా నువ్వు ఎక్కే గుర్రం వయసెంత, అంతకుముందు ఏ పని చేసింది అనేది కనుక్కుని రాయి. దాన్ని బట్టి ఇంకా చెబుతాను.